మిషన్ సౌండుకు గూడ లేయని మా తమ్ముడు, నేను స్పీచ్ థెరపీలోకి ఎట్ల వచ్చినానో

మాది అనంతపురం జిల్లా రాయదుర్గం పక్కన ఊరు. రాయదుర్గం అంటే జీన్స్ ప్యాంట్లు కుట్టే ఊరు, మా వీధిలో ఇంటికో మిషన్ ఉంటాది, మాయమ్మ గూడ పీసు లెక్కన జేబులు, బెల్టు పట్టీలు కుట్టేది. మా తమ్ముడు 2003లో పుట్టినాడు. మిషన్ పక్కనే దూలానికి చీర ఉయ్యాల కట్టి వాన్ని పండబెట్టి అమ్మ పొద్దున్నుంచి రాత్రిదాకా మిషన్ తొక్కేది, ఆ సౌండుకు నేను హోంవర్క్ చేసుకోలేక బయట అరుగు మీదికి పోయేదాన్ని గానీ వాడు మాత్రం కదిలేవాడు కాదు. వచ్చినోళ్ళంతా ఒకటే మాట, "ఎంత మంచి పిల్లోడమ్మా, పక్కన మిషన్ తొక్కుతా ఉన్నా లేయడు, తల్లిని పని చేసుకోనిస్తాడు" అని. ఇంతమంది పొగుడుతాండారని మా జేజి సాయంత్రం దిష్టి తీసేది.

ఇప్పుడు నేను అనంతపురంలో మాట నేర్పే స్పీచ్ థెరపిస్టుగా, వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టుగా పనిచేస్తాండా. "మా పాప చానా శాంతం మేడం, ఎంత సౌండ్ వచ్చినా లేయదు" అని ఏ తల్లి చెప్పినా నాకు గుండె జల్లుమంటాది, చేతిలో పని పక్కన పెట్టి ఆ పాపను ముందు చూస్తా.

వానికి ఏడాది దాటింది, రెండేళ్ళు దాటినాయి, అమ్మ అనలేదు. మగపిల్లోళ్ళకు మాట లేటుగా వస్తాదని ఒకరు, వాళ్ళ నాయనకు గూడ నాలుగేళ్ళకు గదా వచ్చిందని ఒకరు, వస అరగదీసి తేనెలో నాకియ్యమని ఒకరు, నాలుక కింద తీగ కోయించండి అని ఇంకొకరు. అన్నీ చేసినాం. కసాపురం ఆంజనేయస్వామికి మొక్కుకున్నాం. ఒక డాక్టరు దగ్గరికి గూడ పోయినాం, ఆయన వాని నోట్లో టార్చ్ వేసి చూసి "మూడేళ్ళు నిండనీ, అప్పటికీ రాకపోతే చూద్దాం" అన్నాడు. చెవి సంగతి అడగలేదు. నాలుక తీగ బిగువుగా ఉంటే కొన్ని అక్షరాలు పలకడానికి ఇబ్బంది రావచ్చు గానీ అసలు మాటే రాకుండా పోదు, ఈ ముక్క ఆ రోజు ఎవరైనా మాయమ్మకు చెప్పింటే ఏడాది కలిసొచ్చేది.

మేం గూడ వానికి వినిపిస్తాదనే అనుకున్నాం. ఎందుకంటే తలుపు గట్టిగా వేస్తే తిరిగి చూసేవాడు, ట్రాక్టరు వస్తే వాకిట్లోకి ఉరికేవాడు. అది నేల అదురు. కాళ్ళకు తెలిసేది వానికి, చెవులకు కాదు. ఇది నాకు చానా ఏళ్ళ తర్వాత క్లాసులో అర్థమైంది.

కనిపెట్టింది మా అంగన్‌వాడీ టీచరు. ఒకరోజు అమ్మను పిలిపించి, వాన్ని గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి బొమ్మ చేతికిచ్చి, ఆమె వెనకాల నిలబడి హాజరు రిజిస్టరు నోటికి అడ్డం పెట్టుకొని వాని పేరు పిలిచింది. ఒకసారి, రెండోసారి గట్టిగా, మూడోసారి ఇంకా గట్టిగా. పక్క గదిలో ఉన్న ఆయా వచ్చింది ఏమైందని, వాడు మాత్రం బొమ్మ చక్రం తిప్పుకుంటా కూర్చున్నాడు. ఊపిరి గూడ తగలకుండా రిజిస్టరు అడ్డం పెట్టాలని ఆమెకు ఎవరు నేర్పించినారో తెలీదు. ఇప్పటికీ నేను ఊర్లలో క్యాంపుకు పోతే అట్లనే చేసి చూపిస్తా.

మాకు బళ్ళారి దగ్గర, ముందు అక్కడికే పోయినాం. బేరా టెస్ట్ చేయాలన్నారు. పిల్లోడు కదలకుండా నిద్రపోవాల, అందుకని ముందురోజు రాత్రి లేటుగా పండబెట్టి తెల్లారి తొందరగా లేపి, దారిలో నిద్రపోనియ్యకుండా తీసుకురమ్మన్నారు. ఆ పని నాకు అప్పజెప్పినారు, ఆరో తరగతి నేను. బస్సులో వాని కండ్లు మూతలు పడతా ఉంటే నేను గిచ్చతా ఉండా, వాడు ఏడుస్తా ఉండాడు, అమ్మ కిటికీలోకి చూస్తా ఉంది. ఊరు ఇంకో పావుగంటలో వస్తాదనంగా నాకే నిద్ర పట్టింది, వానికీ పట్టింది. తీరా ఆస్పత్రిలో పడుకోబెడితే వాడు నిద్రపోడు. సిరప్ తాపినారు, గంటన్నర ఎత్తుకొని తిప్పినాక పడుకున్నాడు. నుదుటి మీద ఒకటి, రెండు చెవుల వెనక ఒక్కొక్కటి, పేస్టు రాసి వైర్లు అతికించినారు, చెవిలో టిక్‌టిక్‌టిక్ అని శబ్దం పంపిస్తే మెదడు దాకా పోయే నరంలో కదలిక వస్తుందా రాదా అని కంప్యూటర్లో గీతలు చూస్తారు. ఆ గీతలో ఐదో అల ముఖ్యం, అది ఎంత తక్కువ సౌండు దగ్గర కనిపిస్తే అంత బాగా వినిపిస్తున్నట్లు. మా వానికి రెండు చెవుల్లోనూ 90 డెసిబెల్స్ దగ్గర తప్ప రాలేదు. మామూలుగా మనం మాట్లాడుకునేది 60 చుట్టూ ఉంటాది.

రిపోర్టు చేతికొచ్చినప్పుడు వాని వయసు మూడేళ్ళ ఐదు నెలలు.

ఇంటికొచ్చినాక జరిగింది ఎక్కువ రాయలేను. గ్రహణం రోజు కత్తెర పట్టుకుందని మాయమ్మను అన్నారు, మిషన్ సౌండుకే చెవులు పోయినాయని అన్నారు. అమ్మ నెలరోజులు మిషన్ మీద గుడ్డ కప్పేసింది. అసలు కారణం అది కాదు. మాయమ్మ, నాయన మేనమామ మేనకోడలు. దగ్గరి రక్తంలో పెండ్లి చేసుకుంటే ఇద్దరిలోనూ ఒకే లోపం ఉన్న జీన్ దాగి ఉండే అవకాశం ఎక్కువ, రెండు వైపుల నుంచి ఆ జీన్ బిడ్డకు చేరితే చెవి లోపల శబ్దాన్ని పట్టుకునే నత్తగుల్ల మాదిరి భాగం సరిగ్గా పనిచేయదు. అట్లని మేనరికం చేసుకున్న ప్రతి ఇంట్లో చెవుడు వస్తాదని కాదు, నేను వాళ్ళ బిడ్డనే, నాకు బాగానే వినిపిస్తాది. మా సీమలో ఈ మేనరికాలు చానా ఎక్కువ, అందుకే చెప్తాండా. ఇంకా వేరే కారణాలు గూడ ఉంటాయి, నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే ఏడవకపోవడం, కామెర్లు బాగా ఎక్కువ కావడం, మెదడు పొరల వాపు జ్వరం, కడుపుతో ఉన్నప్పుడు తల్లికి రుబెల్లా రావడం, కొన్ని రకాల ఇంజెక్షన్లు. కత్తెర మాత్రం లేదు.

బళ్ళారిలో ఒకాయన మైసూరు పొమ్మన్నాడు, అక్కడ ఐష్ అని సెంట్రల్ గవర్నమెంటుది, మాట, వినికిడి కోసమే 1965లో పెట్టిన సంస్థ. రాయదుర్గం నుంచి బెంగళూరు బస్సు, అక్కడినుంచి రైలు. అమ్మ, నాయన, వాడు, నేను. నన్ను ఎందుకు తీసుకుపోయినారంటే స్కూల్లో కన్నడ పిల్లోళ్ళతో తిరిగి నాకు కన్నడ బాగా వచ్చు, అమ్మకు అర్థమవుతుంది గానీ మాట్లాడాలంటే తడబడుతుంది. అట్ల పదేళ్ళ వయసులో నేను థెరపీ గదిలో దుబాసీ అయినా.

మళ్ళీ అన్ని టెస్టులు చేసి, చెవికి అచ్చు తీసి, జేబులో పెట్టుకునే మోడల్ హియరింగ్ ఎయిడ్ ఇచ్చినారు. ఆదాయం సర్టిఫికెట్ పెడితే స్కీమ్‌లో ఉచితంగా వచ్చింది. డబ్బా ఛాతీ మీద, వైరు చెవిలోకి, లోపల పెన్సిల్ సెల్లు. వాడు పెట్టంగానే పీకేసేవాడు. ఇంటికొచ్చినాక అమ్మ జీన్స్ ముక్కతో ఒక సంచి కుట్టింది, భుజాల మీదికి రెండు పట్టీలు, వెనక గుండీ, వాని చేతికి అందదు. మైకు ఉండే చోట మాత్రం గుడ్డ కత్తిరించి సన్న వల వేసింది, మందం గుడ్డ అడ్డమొస్తే సౌండు సరిగ్గా పోదని ఆమెకు ఎవరూ చెప్పకుండానే తోచింది.

దూరం నుంచి వచ్చినోళ్ళకు అక్కడ కొన్ని రోజులు థెరపీ చేసి చూపించి, ఇంట్లో ఎట్ల చేయాలో తల్లికి నేర్పించి పంపిస్తారు. మాకు చెప్పిన థెరపిస్టు అక్కకు తెలుగు రాదు. ఆమె ముందు రోజు పండ్లు, జంతువులు ఉండే ఫోటో కార్డులు చూపించింది, మావాడు ఒక్కదాన్ని చూడలేదు. రెండోరోజు ఆమె కార్డులు మూసేసి "మీ అమ్మ పొద్దున్నుంచి ఏం చేస్తుంది?" అని నన్ను అడిగింది. మిషన్ కుడతాది అన్నా. "మిషన్ దగ్గర ఏమేమి వస్తువులు ఉంటాయి, వాటిని మీ ఇంట్లో ఏమని పిలుస్తారు, అవన్నీ చెప్పు" అనింది. సూది, దారం, గుండీ, కత్తెర, బాబిన్, టేపు. ఆమె అవన్నీ తెలుగులోనే, కన్నడ లిపిలో రాసుకుంది. ఇవే నేర్పించండి, వేరే మాటలు తెచ్చుకోవద్దండి, వాడు రోజూ చూసే వస్తువుకు మీరు రోజూ అనే మాట అనింది. ఇంకోటి గూడ చెప్పింది. మాట్లాడేటప్పుడు మిషన్ ఆపేయాల. హియరింగ్ ఎయిడ్ మాటను ఒక్కదాన్నే పెద్దగా చేయదు, మిషన్ సౌండును గూడ పెద్దగా చేస్తాది, ఆ రెండూ కలిసిపోతే పిల్లోనికి గోల తప్ప ఏం తెలీదు.

పీసు లెక్క పని చేసే ఇంట్లో మిషన్ ఆపడమంటే ఏందో తెలిసినోళ్ళకే తెలుసు. అమ్మ పొద్దున గంట, సాయంత్రం గంట ఆపేసింది, ఏళ్ళ తరబడి. ఆ రెండు గంటల పీసులు రాత్రి మేమంతా పండుకున్నాక కుట్టేది.

పొద్దున లేయంగానే వాని వెనకాల నిలబడి ఆరు శబ్దాలు అనేది. ఆ, ఊ, ఈ, ష, స, మ. లింగ్ అనే ఆయన పెట్టిన టెస్టు ఇది, మాటల్లో ఉండే లోతు శబ్దాల నుంచి సన్న శబ్దాల దాకా ఈ ఆరింటిలో వచ్చేస్తాయి, వినిపించినప్పుడు పిల్లోడు గిన్నెలో గుండీ వేయాల. మావాడు ఆ, ఊ, మ కు వేసేవాడు, ఈ కి ఒక్కోసారి, స కు ఎన్నడూ వేయలేదు. ఒకరోజు ఆ కు గూడ వేయకపోతే సెల్లు అయిపోయిందని అర్థం.

ఏడు నెలలు పట్టింది. ఒక సాయంత్రం అమ్మ బాబిన్‌కు దారం చుడతా ఉంటే వాడు చెయ్యి చాపి "బాబి" అన్నాడు. స్పష్టంగా. అమ్మ లేచి వాన్ని ఎత్తుకొని వీధి మొత్తం తిరిగింది. రాత్రి మాత్రం నా దగ్గర ఏడ్చింది, "వాని మొదటి మాట అమ్మ కాదు పాపా, బాబిన్" అని. ఆ రోజు నాకు ఏం చెప్పాలో తెలీలేదు. చానా ఏళ్ళ తర్వాత క్లాసులో చెప్పినారు, పెదాలు కలిసే అక్షరాలు ప, బ, మ కంటికి కనిపిస్తాయి, లోతు శబ్దం కాబట్టి ఎక్కువ చెవుడు ఉన్నోళ్ళకు గూడ కొంత అందుతాయి, అందుకే ముందు అవే వస్తాయి అని. మాయమ్మ రోజుకు నలభై సార్లు వాని ముందర బాబిన్ మార్చేది, మార్చిన ప్రతిసారీ ఆ మాట అనేది. అమ్మ అనే మాట ఆమె వాని ముందు ఎన్నిసార్లు అనింటాది? క్లాసు అయిపోంగానే హాస్టల్ నుంచి ఫోన్ చేసి అమ్మకు ఇది చెప్పినా. చానాసేపు ఏం మాట్లాడలేదు.

ఇంక నా చదువు. ఇంటర్ బైపీసీ అనంతపురంలో. క్లాసులో అందరికీ ఎంబీబీఎస్సే, లేకుంటే నర్సింగ్, ఫార్మసీ. బీఏఎస్‌ఎల్‌పీ అని వినికిడి, మాటల మీద ఒక డిగ్రీ ఉందని మా లెక్చరర్లకు గూడ తెలీదు. నాకు తెలుసు, ఎందుకంటే మైసూరులో ఆ అక్కను అడిగింటి, నీ మాదిరి కావాలంటే ఏం చదవాలని. ఐష్ ఎంట్రన్స్ రాసి 2013లో చేరినా. చానామంది అడుగుతాంటారు కాబట్టి చెప్తాండా, ఇంటర్‌లో బైపీసీ వాళ్ళే కాదు ఎంపీసీ వాళ్ళు గూడ చేయొచ్చు, మూడేళ్ళు క్లాసులు, నాలుగో ఏడు ఇంటర్న్‌షిప్. ఈ ఒక్క డిగ్రీలోనే వినికిడి, మాట రెండూ నేర్పిస్తారు, తర్వాత పీజీలో ఆడియాలజీ కావాల్నా స్పీచ్ కావాల్నా ఎంచుకోవచ్చు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ వాళ్ళ ప్రాంతీయ కేంద్రం ఉంది, తెలుగులో థెరపీ నేర్చుకోవాలనుకునేటోళ్ళు అది గూడ చూడండి.

మొదటి సంవత్సరం చెవి లోపలి భాగాల క్లాసు నేను మర్చిపోలేను. చెవి లోపల నత్తగుల్ల మాదిరి రెండున్నర చుట్లు ఉండే చిన్న గొట్టం, దాంట్లో సన్న వెంట్రుకల కణాలు, లోపలి వరుసలో సుమారు 3,500, బయటి వరుసల్లో సుమారు 12,000. అవి చచ్చిపోతే మళ్ళీ పుట్టవు అని చెప్పి సార్ తర్వాతి స్లైడ్‌కు పోయినారు. నేను ఆ స్లైడ్ దగ్గరే ఉండిపోయినా. కండ్లకు కనిపించని అంత చిన్న వాటికోసం గదా మాయింట్లో అంత గొడవ జరిగింది అని.

క్లినిక్ పోస్టింగులు రెండో ఏడు నుంచి గట్టిగా ఉంటాయి. థెరపీ ప్లాన్ రాసుకొని పోవాల, సూపర్‌వైజర్ గ్లాసు అవతల నుంచి చూస్తా ఉంటారు, పిల్లోని తల్లి పక్కనే కూర్చొని ఉంటాది. కన్నడ రాని తెలుగు అమ్మాయిలు, కేరళ అమ్మాయిలు మొదటి నెలలు చానా కష్టపడినారు, నాకు కన్నడ వచ్చు గాబట్టి ధైర్యంగా పోయినా. నా మొదటి కేసు ఐదేళ్ళ పాప, క బదులు త అనేది. నేను మా బళ్ళారి వైపు కన్నడలో మాట్లాడుతుంటే ఆ పాప నా ముఖం చూసి నవ్వేసి వాళ్ళమ్మ వైపు తిరిగేది. సూపర్‌వైజర్ మేడం బయటికి పిలిచి, "నీ కన్నడ తప్పు కాదు, కానీ ఆ పాప ఇంటి కన్నడ వేరే, వాళ్ళమ్మ ఎట్ల మాట్లాడుతుందో రెండు రోజులు ఊరికే కూర్చొని విను, రాసుకో" అన్నారు. రాసుకున్నా. మూడోరోజు ఆ పాప నాతో మాట్లాడింది. మాయింట్లో బాబిన్‌తో జరిగిందే ఇక్కడ గూడ జరిగింది, నేను చూసుకోలేదంతే.

డిగ్రీ అయినాక ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ చేయించుకోవాల, 1992 చట్టం ప్రకారం ఆ నంబరు లేకుండా థెరపీ చేయకూడదు. దాన్ని సీఆర్‌ఆర్ నంబర్ అంటారు. మీ పిల్లల్ని ఎక్కడికి తీసుకుపోయినా సరే మొహమాటపడకుండా ఆ నంబర్ అడగండి. మా వైపు చిన్న ఊర్లలో వారం రోజుల ట్రైనింగ్ తీసుకొని బోర్డు పెట్టినోళ్ళు ఉండారు, వాళ్ళ దగ్గర ఏడాది పోగొట్టుకొని వచ్చిన పిల్లోళ్ళను నేను చూసినా. పిల్లోళ్ళకు మొదటి మూడేళ్ళు మెదడు మాటను పట్టుకునే కాలం, దాంట్లో ఏడాది అంటే ఎంతో ఆలోచించండి.

మొదటి ఉద్యోగం ఒక హియరింగ్ ఎయిడ్ల షాపులో, 18 వేల జీతం. నెలకు ఇన్ని మిషన్లు అమ్మాలని టార్గెట్. ఒక ముసలాయన వచ్చినాడు, చెవి చూస్తే రెండు వైపులా గట్టి గుమిలి, తీయిస్తే సగం వినిపిస్తాది, ఈఎన్‌టీ దగ్గరికి పంపించినా. సాయంత్రం మీటింగులో నన్ను నిలబెట్టి అడిగినారు, కస్టమర్‌ను ఎందుకు వదిలేసినావని. పద్నాలుగు నెలలు చేసి బయటికొచ్చేసినా. అన్ని షాపులూ అట్ల ఉండవు, మంచిగా చేసేటోళ్ళు ఉండారు, కానీ కొత్తగా చేరే పిల్లలు జీతం ఒక్కటే చూడకండి, టార్గెట్ ఉందా లేదా అడిగి చేరండి.

అనంతపురం వచ్చినాక చెవులు, పిల్లలు మాత్రమే అనుకుంటే పక్షవాతం కేసులు ఎక్కువ రావడం మొదలైనాయి. ఒక తాత గురించి చెప్పాల. ఉరవకొండ వైపు రైతు, అరవై దాటినాయి, కుడి చెయ్యి కాలు పడిపోయి మాట పోయింది. మనం చెప్పేది అర్థమవుతుంది, తల ఊపుతాడు, కానీ నోట్లోనుంచి "అదే... అదే" తప్ప వేరే మాట రాదు. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు దగ్గరికి ఇట్లాంటి మనిషే వచ్చినాడు, ఆయన నోట "టాన్" అనే ఒక్క ముక్క తప్ప వచ్చేది కాదట, ఆయన చనిపోయినాక మెదడు చూస్తే ఎడమవైపు ముందు భాగం దెబ్బతినింది, అందుకే ఇట్ల మాట పోవడాన్ని ఆయన పేరుతో బ్రోకా అఫేజియా అంటారు. పరీక్షకు రాసినా ఇవన్నీ. తాత ముందు కూర్చున్నప్పుడు ఆ జవాబు పనికి రాలేదు.

కార్డులు తీసినా. గొడుగు, గడియారం, బస్సు. తాత కండ్లు దించుకొని కూర్చున్నాడు. నాగలి బొమ్మ ఉన్న కార్డు చూపించి "ఇది ఏంది తాతా, నా... నాగ..." అని అందించినా. తల అడ్డంగా ఊపినాడు, కోపంగా. నాలుగు రోజులు ఇదే. ఐదోరోజు వెనకాల కూర్చున్న అవ్వ ఉండబట్టలేక, "నాగలి అంటే ఆయనకేం తెలుసు పాపా, మాయింట్లో ఎవరూ ఆ మాట అనరు, మడక అను" అనింది. నేను తాత వైపు తిరిగి "మ..." అని పెదాలు మూసి ఆగినా. తాత నా నోటి వైపు చూసినాడు. పెదాలు మూసినాడు. గొంతులో ఏదో కదిలింది, చెమట పట్టింది నుదుటి మీద, ఎడమ చెయ్యి గాల్లో మేడి పట్టుకున్నట్టు మడిచినాడు, "మ... డక" అన్నాడు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేనూ సీమ బిడ్డనే, మా జేజినాయన గూడ మడక అనే అనేవాడు, కానీ కార్డు మీద నాగలి అని రాసి ఉంటే నేను గూడ నాగలి అనే అన్నా. ఆ రోజు రాత్రి కూర్చొని కార్డులన్నీ ముందరేసుకొని వెనకాల పెన్నుతో రాసినా. మడక, గుంటక, గొర్రు, శెనక్కాయ, సంగటి, జేజి. ముస్లిం ఇండ్ల నుంచి వచ్చేటోళ్ళ కోసం ఉర్దూ మాటలు మా క్లినిక్ ఆయమ్మను అడిగి రాసుకున్నా. తాతకు ఊర్లో చెక్కభజన అలవాటని అవ్వ చెప్తే, మాట రాకపోయినా పాట వస్తాదేమో అని తాళం వేయించినా, ఎడమ చేత్తో తొడ మీద తాళం వేస్తా పల్లవి మొత్తం మాటలతో సహా పాడినాడు. పాట, తాళం మెదడులో కుడివైపు గూడ పట్టుకుంటాది, అందుకే ఎడమవైపు దెబ్బ తగిలినోళ్ళు మాట్లాడలేకపోయినా పాడతారు, దాన్ని పట్టుకొని మెల్లగా రాగంలోనుంచి మాటలోకి తీసుకురావచ్చు. "నీళ్ళు తే", "బువ్వ పెట్టు" రాగంలో నేర్పించినాం. అందరికీ పూర్తిగా తిరిగి రాదు, తాతకు గూడ రాలేదు, కానీ ఏమేమి కావాలో అడిగి తీసుకునే మాట వచ్చింది, మనవని పేరు వచ్చింది.

పిల్లల విషయంలో దీనికి ఉల్టా జరుగుతాంది. రెండున్నరేళ్ళ పిల్లోడు, మాట రాలేదని వస్తారు, తల్లి "నో నాన్నా, సిట్, ఈట్, లుక్ హియర్" అని మాట్లాడుతుంటాది. ఏమ్మా అంటే, స్కూలు ఇంగ్లీష్ మీడియం గదా, ఇంట్లో తెలుగు మాట్లాడితే కన్ఫ్యూజ్ అవుతాడని ఎవరో చెప్పినారంట. ఆ తల్లికి ఇంగ్లీషులో వచ్చేది ముప్పై నలభై మాటలు. తెలుగులో అయితే అన్నం పెడతా పెడతా వందల మాటలు మాట్లాడుతుంది, చందమామను పిలుస్తుంది, కాకికి ముద్ద పెడుతుంది, బెదిరిస్తుంది, బుజ్జగిస్తుంది. అవన్నీ ఆపేసి ఆ ముప్పై మాటలతో పిల్లోన్ని పెంచుతాంది. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు, మా రాయదుర్గంలో సగంమంది పిల్లోళ్ళు తెలుగు, కన్నడ రెండింటితో పెరుగుతారు. నేను వాళ్ళ కాళ్ళా వేళ్ళా పడి చెప్తాంటా, మీకు ఏ మాట కడుపులోనుంచి వస్తాదో ఆ మాట మాట్లాడండి, ఫోన్ పక్కన పెట్టి మాట్లాడండి అని. అట్ల మాట్లాడినా రెండేళ్ళకు రెండు మాటలు కలిపి అనకపోతే, పేరు పిలిస్తే పలకకపోతే, కండ్లలోకి చూడకపోతే ఆగొద్దండి, ముందు చెవులు చూపించి తర్వాత స్పీచ్ వాళ్ళకు చూపించండి.

ఈ చదువుకు పని ఉందా అని అడుగుతారు. ఉంది. జిల్లా ఆస్పత్రుల్లో పిల్లల్లో లోపాలు ముందే కనిపెట్టే డీఈఐసీ సెంటర్లు 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పథకం కింద వచ్చినాయి, అక్కడ మా పోస్టులు ఉంటాయి, కాకపోతే ఎక్కువ కాంట్రాక్టువే. ప్రైవేటు ఆస్పత్రులు, స్పెషల్ స్కూళ్ళు, కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవి లోపల పెట్టే మిషన్) చేసిన పిల్లలకు దాని సెట్టింగులు సరిచేసే మ్యాపింగ్, మింగడం కష్టమైన పక్షవాతం వాళ్ళు, నత్తి ఉన్నోళ్ళు, గొంతు పోయిన టీచర్లు. పెద్ద ఊర్లలో పోటీ, మా జిల్లాల్లో మనుషులు లేరు. కళ్యాణదుర్గం నుంచి, మడకశిర నుంచి వారానికి రెండుసార్లు బస్సెక్కి వస్తారు, కూలి పోగొట్టుకొని. అందుకే నేను వాళ్ళకు థెరపీ చేయడం కంటే తల్లికో జేజికో నేర్పించడానికే ఎక్కువ టైం పెడతా.

మా తమ్ముడు ఇప్పుడు రాయదుర్గంలోనే ఒక యూనిట్‌లో కటింగ్ మాస్టర్. చెవి వెనక పెట్టుకునే డిజిటల్ మిషన్ వచ్చింది. మాట్లాడతాడు, కొత్తోళ్ళకు రెండోసారి చెప్పాల్సి వస్తాది, స ఇప్పటికీ రాదు, ఎన్నడూ వినని శబ్దం ఎట్ల వస్తాది. నాతో వీడియో కాల్‌లోనే మాట్లాడతాడు, నా పెదాలు కనిపించాల. అంగన్‌వాడీ టీచరు ఏడాది ముందు కనిపెట్టింటే వాడు స అనేవాడా అని నేను ఆలోచిస్తా. పుట్టిన నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలలలోపు పూర్తి టెస్టు, ఆరు నెలలలోపు చెవి మిషన్ పెట్టి థెరపీ, ఇదీ ప్రపంచమంతా చెప్పే లెక్క.

మొన్న శుక్రవారం కళ్యాణదుర్గం నుంచి ఒక జంట వచ్చినారు. నెలలు నిండకుండా పుట్టిన పాప, ఇంక్యుబేటర్లో పెట్టినారంట, ఆస్పత్రిలో చేసిన ఓఏఈ అనే చెవి స్క్రీనింగ్ రెండుసార్లు ఫెయిలైంది. వయసు రెండు నెలల పది రోజులు. తండ్రి ముఖంలో భయం, తల్లి మాత్రం "బాగానే నిద్రపోతాది మేడం" అంటాంది. వచ్చే మంగళవారం బేరా పెట్టినా. పాలు ఇక్కడికొచ్చినాకే ఇయ్యి, కడుపు నిండితే ఇక్కడే పండుకుంటుంది, బస్సులో మాత్రం నిద్రపోనియ్యద్దండి అని చెప్తాండా. వాళ్ళతో ఆరేళ్ళ పెద్దపాప గూడ వచ్చింది, నేను చెప్పేదంతా నిలబడి వింటాంది. "నేను చూసుకుంటా, నిద్రపోతే గిచ్చతా" అనింది.

గిచ్చద్దు తల్లీ, అరికాళ్ళు నిమురు చాలు అన్నా.